‘నెల’ను ‘నేల’ అంటున్న పిల్లలకు: హ్రస్వదీర్ఘాల సమస్య - పరిష్కారం

సమస్య

విదేశాల్లో పుట్టి పెరిగిన మన పిల్లలు ‘నెల’ను ‘నేల’ అనీ, ‘పుట’ను ‘పూట’ అనీ పలుకుతారు. మూడూ హ్రస్వాలే ఉన్న ‘తెలుగు’ అనే మాటను సైతం ‘తెలూగు’ చేస్తారు. అమెరికాలో వారాంతపు తరగతుల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా దిద్దినది ఈ తప్పునే. గుణింతం కంఠతా వచ్చిన పిల్లల్లోనూ ఇది ఉంటుంది కనుక గుణింతాన్ని మళ్ళీ రాయించడం దీనికి మందు కాదు.

ముందుగా చెవిని చూడండి

నోటిని దిద్దడానికి ముందు చెవిని పరీక్షించాలని ఎన్నిసార్లు చెప్పినా తల్లిదండ్రులు ఈ పని వదిలేస్తూనే ఉన్నారు. పట్టేది రెండు నిమిషాలే. కింద పడుతున్న పిల్లవాడి బొమ్మ ఒకటి, పాట పాడుతున్న పిల్లవాడి బొమ్మ ఒకటి ముందు పెట్టండి. మీ పెదవులు కనబడకుండా కాగితం అడ్డుపెట్టుకొని ‘పడు’, ‘పాడు’ అనే మాటలను వరస మార్చి పదిసార్లు చెప్పి, ఏ బొమ్మో చూపించమనండి. తొమ్మిదిసార్లు సరిగా చూపితే చెవి బాగున్నట్టే. ఐదారు దగ్గర ఆగితే బిడ్డ కేవలం ఊహించి చూపుతున్నట్టు.

ఊహించే బిడ్డను పలకమని ఒత్తిడి చేయకండి. ఇంటి భాషలోని అచ్చులకు చెవి అలవాటు పడడం ఆరు నెలల వయసుకే మొదలవుతుందని 1992లో పాట్రీషియా కూల్ బృందం అమెరికా, స్వీడన్ శిశువులను పరీక్షించి చూపింది. అంత ముందు పడిన అలవాటు ఒక్క పూటలో మారదు. కొన్నాళ్ళు ఈ బొమ్మల ఆటనే అమ్మమ్మ గొంతుతో, నాన్న గొంతుతో, పక్కింటివారి గొంతుతో ఆడించండి. ఒకే గొంతు వింటే బిడ్డకు ఆ మనిషి పలుకు అలవాటవుతుందే గాని అచ్చు తేడా పట్టుబడదు.

చెవి బాగున్నా నోరు తప్పితే

నేను చాలాకాలం మోసపోయిన కారణం ఇది. ఎనిమిదేళ్ళ పాప ఒకతె బొమ్మలన్నీ సరిగ్గా చూపేది, పలకమంటే మాత్రం ‘నేల’ అనేది. నేను ఓపికగా, స్పష్టంగా, ‘నె...ల’ అని సాగదీసి చెప్పేవాడిని, ఆమె మళ్ళీ ‘నేల’ అనేది. ఒకరోజు ఇద్దరి మాటలనూ ఫోన్‌లో రికార్డు చేసి వింటే, నేను నెమ్మదిగా పలికిన హ్రస్వం మామూలు వేగంతో ఆమె పలికిన దీర్ఘం కంటే పొడవుగా ఉంది. నేను ఇచ్చినదాన్నే పాప నాకు తిరిగి ఇస్తోంది, తప్పు నాది.

అచ్చు పొడవుకు గడియారపు కొలత లేదు. చుట్టూ ఉన్న అచ్చులతో, మాట సాగే వేగంతో పోల్చుకొని మన చెవి దాన్ని హ్రస్వమనో దీర్ఘమనో తేల్చుకుంటుంది. సంస్కృత వ్యాకరణకర్త పాణిని హ్రస్వ, దీర్ఘ, ప్లుతాలకు (ప్లుతమంటే దీర్ఘం కంటే పొడవైన అచ్చు) ఉ, ఊ, మూడు మాత్రల ఊ అనే వరసను ప్రమాణంగా చూపడంలో, ఆ వరస కోడికూతను తలపించడంలో, ఈ పోలికే ఉంది. విడిగా సాగదీసిన మాటలో పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. పైగా ఇంగ్లీషులో పెరిగిన బిడ్డ, మనం నొక్కి చెప్పిన అక్షరాన్ని ఇంకా సాగదీస్తుంది, ఎందుకంటే ఆ భాషలో ఊనిక పడిన అచ్చు సాధారణంగా నిడివి పెంచుకుంటుంది.

అందుకే మాటను విడిగా పలకకండి, వాక్యంలో, మామూలు వేగంతో చెప్పండి: “ఈ నెల ఊరికి వెళ్దాం.” “ఈ నేల తడిగా ఉంది.” నెమ్మదించవలసి వస్తే మాటకూ మాటకూ నడుమ ఆగండి, మాట లోపల వద్దు. హ్రస్వానికి ఒక చప్పట, దీర్ఘానికి రెండు చప్పట్ల కాలం చొప్పున తాళం వేయిస్తే ఇంకా త్వరగా పట్టుబడుతుంది.

మిగిలినవి

‘పిల్లి’ని ‘పీలి’ అంటే అచ్చును దిద్దకండి, లోపం ‘ల్ల’ అనే ద్విత్వంలో ఉంది. లకారం దగ్గర నాలుకను ఒక క్షణం ఆపమంటే ఇకారం దానంతట అదే కురచబడుతుంది. ‘ఏ’ చివర ‘య్’ వినబడితే అద్దం ముందు నిలబెట్టి, పలుకు ముగిసేదాకా దవడ కదలకుండా చూసుకోమనండి.

వినికిడి లోపం, నాలుక కింది తీగ బిగుసుకుపోవడం వంటివి ఈ తప్పుకు కారణమవడం అరుదు. ఏ భాషలో మాట్లాడినా బిడ్డ మాటలన్నీ అస్పష్టంగా ఉంటే వైద్యుడికి చూపించండి.