గ్నోస్టిక్ గ్రంథాలు చదవాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గ్నోస్టిక్కులంటే రహస్య జ్ఞానంతోనే మోక్షం వస్తుందని నమ్మిన తొలి శతాబ్దాల నాటి క్రైస్తవ వర్గాలు. వాళ్ళ గురించి వెతికితే ముందు తగిలేవి రెండే వాదనలు. చర్చి దాచిపెట్టిన అసలు క్రీస్తు బోధ ఇదేనని ఒక వర్గం, అంతా సైతాను పుట్టించిన దుర్బోధ, దాని జోలికే పోవద్దని ఇంకో వర్గం. రెండింటినీ పక్కన పెట్టి వాళ్ళు రాసుకున్నవే చదవండి, ఇంగ్లీషు అనువాదాలు ఆన్‌లైన్‌లో ఫ్రీగానే దొరుకుతాయి. కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూసుకోవాలి, లేకపోతే నాలుగు పేజీలకే తల తిరుగుతుంది.

చాలామంది తోమా సువార్తతో మొదలుపెడతారు, నేనైతే వద్దంటాను. అందులో యేసు పలికినట్టు చెప్పే 114 మాటలున్నాయి తప్ప కథ లేదు, సిలువ లేదు, పునరుత్థానం లేదు. పైగా చాలా మాటలు మత్తయి, లూకాల్లో ఉన్నవాటిలాగే ఉంటాయి. అసలు దాన్ని గ్నోస్టిక్ గ్రంథం అనాలా వద్దా అన్న దగ్గరే పండితులకు పడదు.

దానికి బదులు టాలెమీ అనే గురువు ఫ్లోరా అనే స్త్రీకి రాసిన ఉత్తరం పట్టుకోండి. ఇది రెండో శతాబ్దం నాటిది, చిన్నది, సూటిగా ఉంటుంది. మోషే ధర్మశాస్త్రాన్ని ఇచ్చింది ఎవరు అన్నదే అందులో ప్రశ్న. పరిపూర్ణుడైన తండ్రి కాదు, సైతాను కూడా కాదు, ఈ లోకాన్ని తయారుచేసిన మధ్యస్థుడైన దేవుడు ఒకడున్నాడు, అతను న్యాయవంతుడే కానీ తండ్రి అంత మంచివాడు కాదు అంటాడు టాలెమీ. ఇందుకు సాక్ష్యంగా అతను తెచ్చేది ఏ రహస్య గ్రంథాన్నో కాదు, విడాకుల గురించి యేసు చెప్పిన మాటల్నే. అంటే తను క్రైస్తవుడినేనని అనుకుంటూ, తోటి క్రైస్తవురాలితో మాట్లాడుతున్నాడన్నమాట. ఈ ఉత్తరం మనదాకా వచ్చిందంటే కారణం ఎపిఫానియస్ అనే బిషప్, గ్నోస్టిక్కులంటే అస్సలు గిట్టని మనిషి, ఖండించడానికని మొత్తం ఎత్తి రాసుకున్నాడు!

తర్వాత ఆదికాండము మొదటి మూడు అధ్యాయాలు ఇంకోసారి చదివి, వెంటనే యోహాను రహస్య గ్రంథం తెరవండి, మధ్యలో గ్యాప్ ఇవ్వొద్దు. ఎందుకంటే ఇది ఆదికాండాన్నే తిరగేసి చెప్పే కథ, మోషే చెప్పినట్టు కాదు అని అక్కడక్కడా బాహాటంగానే అంటుంది. కంటికి కనిపించని పరమాత్మ నుంచి ఏయాన్‌లు అనే దివ్యశక్తులు వెలువడతాయి, వాటిలో చివరిదైన సోఫియా తన జతగాడి సమ్మతి లేకుండా సృష్టించబోతే సింహం మొహం, పాము ఒళ్ళూ ఉన్న యాల్దబయోత్ పుడతాడు. వాడే ఈ లోకాన్ని తయారుచేసి, నేను రోషం గల దేవుణ్ణి, నేను తప్ప వేరే దేవుడు లేడు అంటాడు. ఆ వెంటనే గ్రంథమే అడుగుతుంది, వేరే దేవుడే లేకపోతే ఎవరిమీద ఆ రోషం అని. ఈ ఒక్క ప్రశ్న అర్థమైతే మిగతా గ్రంథాల్లో సగం అర్థమైనట్టే. ఒంట్లో ఏ భాగాన్ని ఏ శక్తి చేసిందో చెప్పే పేర్ల పట్టిక ఒకటి వస్తుంది, దాన్ని నిర్మొహమాటంగా దాటేయండి.

కాలం విషయంలో జాగ్రత్త. 325లో నైసియాలో జరిగిన బిషప్పుల సభ ఈ గ్నోస్టిక్ సువార్తలను బైబిల్లోంచి తీసేసిందని తెగ తిప్పుతుంటారు, అది తప్పు. ఆ సభలో ప్రధాన గొడవ కుమారుడు తండ్రితో సమానుడా కాదా అన్నది. కొత్త నిబంధనలో ఇప్పుడున్న 27 పుస్తకాల జాబితా సరిగ్గా కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ రాసిన ఉత్తరంలో. వాలెంటినస్ అనే పేరున్న గ్నోస్టిక్ గురువు రోములో బోధించింది దానికి రెండు శతాబ్దాల ముందు, 140 ప్రాంతంలో. అప్పటికి తీసేయడానికి ఖరారైన జాబితా అంటూ లేదు. ఇక మార్సియన్ అనే రెండో శతాబ్దపు బోధకుణ్ణి కూడా ఈ గుంపులోనే కలిపేస్తుంటారు. ఇద్దరు దేవుళ్ళున్నారని అతనూ అన్నాడు కానీ ఏయాన్‌లు, సోఫియా కథ అతని దగ్గర లేవు, అతన్ని వేరుగా చదవండి.

ఇరేనియస్‌ను మాత్రం వదలొద్దు. 180 ప్రాంతంలో లియోన్ బిషప్‌గా ఉండి గ్నోస్టిక్కుల మీద ఐదు పుస్తకాల ఖండన రాశాడు. వీళ్ళు మనలాగే మాట్లాడతారు, మనసులో ఉన్నది వేరు అన్నది అతని ముఖ్యమైన ఫిర్యాదు. బయటివాళ్ళ గురించి ఎవరూ అలా కంగారుపడరు కదా, ఒకే సంఘంలో కలిసి కూర్చున్నవాళ్ళ గురించే ఆ టెన్షన్. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర కాప్టిక్ అనే పాత ఈజిప్టు భాషలో గ్నోస్టిక్ గ్రంథాల ప్రతులు దొరికాక పోల్చి చూస్తే, సోఫియా కథను అతను చాలావరకు సరిగానే చెప్పాడని తేలింది. కానీ వాళ్ళలో కొందరు విచ్చలవిడిగా బతికేవాళ్ళన్న ఆరోపణకు ఆ ప్రతుల్లో ఆధారం కనిపించదు, చాలా చోట్ల కనిపించేది వైరాగ్యమే. అందుకే సిద్ధాంతం దగ్గర అతన్ని నమ్మండి, నడవడిక దగ్గర కాస్త అనుమానించండి.

చదివేటప్పుడు చదరపు బ్రాకెట్ల మీద ఓ కన్నేసి ఉంచండి. రాతప్రతి చిరిగిపోయిన చోట సంపాదకుడు ఊహించి నింపిన మాటలవి. యేసు మగ్దలేనే మరియను ఎక్కడ ముద్దుపెట్టుకునేవాడో చెప్పే ఫిలిప్పు సువార్త వాక్యంలో సరిగ్గా ఆ మాట ఉండాల్సిన చోటే ప్రతి పాడైపోయింది, దానిమీద ఎన్ని కథలు అల్లారో! 2006లో అచ్చయిన, యేసును పట్టించిన యూదా పేరుతో ఉన్న యూదా సువార్తను మాత్రం చివరికి ఉంచుకోండి. పై కథంతా మీకు తెలుసన్నట్టే అది నడుస్తుంది, దానికితోడు అందులో యూదా మంచివాడా చెడ్డవాడా అన్నది పండితులే ఇంకా తేల్చుకోలేదు.