గోదావరి డెల్టాలో ఇంటింటికీ ఫైబర్: ఊరి తీరును బట్టి లైను వేసే పద్ధతి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఫైబర్ నెట్‌వర్కును 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ప్రారంభించింది. ఆ తరువాత డెల్టాలో ఫైబరు చాలా ఊళ్లకు పాకింది. అయితే అమలాపురంలోని మేడకు, భీమవరం పక్కన రొయ్యల చెరువు గట్టుకు, ఏటి మధ్యనున్న లంకకు ఒకే పద్ధతిలో లైను లాగితే, వాటిలో ఏదో ఒకచోట అది తప్పక మొరాయిస్తుంది. అందువల్ల కేబులు చుట్ట విప్పే ముందు ఊరంతా ఒకసారి నడవండి. ఏ ఇంట్లో ఎందరు వాడతారు, ఏ వేళలో వాడతారు, దించుకునేది ఎక్కువా, పైకి పంపేది ఎక్కువా అని అడిగి రాసుకోండి.

తరువాత కాంతి లెక్క కట్టాలి. ఒకే ఫైబరును చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో బీ ప్లస్ తరగతి పరికరాలు దారిలో మొత్తం 28 డెసిబెల్స్ (కాంతి తగ్గుదలను కొలిచే ప్రమాణం) నష్టం వరకు తట్టుకుంటాయి. ఎనిమిది కిలోమీటర్ల ఫైబరుకు, కిలోమీటరుకు 0.35 చొప్పున, 2.8 పోతుంది. కాంతిని సమానంగా పంచే నాలుగు దారుల స్ప్లిట్టరుకు ఏడుకు పైగా, దాని వెనుక ఎనిమిది దారుల దానికి పదిన్నర, రెండూ కలిపి సుమారు 18 అవుతుంది. అతుకులకు, కనెక్టర్లకు రెండున్నర వేసుకుంటే మొత్తం 23 దాటుతుంది. మిగిలిన నాలుగైదు డెసిబెల్స్‌ను చూసి మరికొన్ని ఇళ్లు కలపవచ్చనిపిస్తుంది గానీ, దయచేసి కలపకండి. తుఫాను తరువాత తెగిన చోటల్లా వేసే అతుకులకు ఆ మిగులే ఆధారం.

మన ఊళ్లలో చాలావాటికి ఇళ్లు గుంపుగా ఉండవు, కాలువ గట్టు వెంట బారుగా ఉంటాయి. అక్కడ ఒకేచోట పెద్ద స్ప్లిట్టరు పెట్టి ప్రతి ఇంటికీ విడిగా కేబులు లాగడం వృథా. కేబుల్ టీవీ వాళ్లకు బాగా తెలిసిన అసమాన కప్లర్లు, అంటే కాంతిని ఎక్కువ తక్కువలుగా రెండు దారులకు పంచేవి, ఇక్కడ నయం. 10:90 కప్లరులో ముందుకు సాగే 90 వైపు నష్టం అర డెసిబెల్‌కు కాస్త పైన మాత్రమే ఉంటుంది, 10 వైపు సుమారు పదిన్నర పోతుంది. ఆ 10 వైపు నాలుగు దారుల స్ప్లిట్టరు తగిలించి నాలుగిళ్లకు ఇవ్వవచ్చు. గట్టు వెంట దూరం పెరిగేకొద్దీ పది బదులు ఇరవై, ముప్పై వంతు కప్లర్లకు మారాలి.

కొబ్బరి తోటల గుండా వెళ్లే లైనుపై మట్టలు రాలతాయి. సముద్రపు గాలికి కేబులులోని ఉక్కు తీగ తుప్పు పడుతుంది, పైగా అది కరెంటు స్తంభాల దగ్గర ప్రమాదం కూడా. కాబట్టి లోహం లేని, ఫైబర్‌గ్లాస్ ఊతమున్న, ఇంటికి దించే డ్రాప్ కేబులే వాడాలి. లంకల్లో జాయింట్ బాక్సు ఎత్తును ఊరి పెద్దలను అడిగి నిర్ణయించండి. గోడ మీదో, చెట్టు మొదలు మీదో వరద నీరు ఆగిన చార వాళ్లు చూపిస్తారు. బాక్సు దానికి మూరెడు పైన ఉండాలి, కేబులుకు రెండు వైపులా కొంత మిగులు చుట్ట వదలాలి. నీరు చేరిన బాక్సు మూత తీస్తే అతుకులు ఉంచే స్ప్లైస్ ట్రే మీద ఒండ్రు సన్నని పొరగా అంటుకుని కనిపిస్తుంది. అలాంటి ట్రేను తుడిచి మళ్లీ వాడకండి.

నష్టం ఎక్కడో తెలియకపోతే ఫైబరులోకి కాంతి పంపి నష్టం ఎంత దూరంలో ఉందో చూపే ఓటీడీఆర్‌తో 1310, 1550 నానోమీటర్ల దగ్గర రెండుసార్లు కొలవండి. 1550లో మాత్రమే బాగా ఎక్కువ కనిపిస్తే కేబులు ఎక్కడో మడత పడిందని అర్థం. ఇళ్లలోపలికి జీ.657ఏ2 రకం ఫైబరు వాడితే 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం వరకు వంపును ఓర్చుకుంటుంది.

వాడుకరి అవసరం దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. చెరువుల రైతుకు ముఖ్యం కెమెరాలు పైకి పంపే వేగం. ఒక్కో కెమెరాకు రెండు ఎంబీపీఎస్ చొప్పున ఎనిమిదింటికి 16 ఎంబీపీఎస్ నిలకడగా కావాలి, కాబట్టి ప్లాను అప్‌లోడును చూసి ఎంచాలి. మండువా లోగిలిలో మందపాటి గోడలు 5 గిగాహెర్ట్జ్ వైఫైని ఆపేస్తాయి. దానికి ఫైబరును నిందించడం అన్యాయం. వంద మీటర్లలోపు లాన్ కేబులు లాగి లోపలి గదిలో రెండో యాక్సెస్ పాయింటు పెడితే, అమ్మమ్మ వీడియో కాల్ మధ్యలో మనవడి ముఖం ఆగిపోదు. కరెంటు పోతే లైను బాగున్నా, ఇంట్లో ఫైబరు వచ్చి చేరే పెట్టె అయిన ఓఎన్‌యూ ఆరిపోతుంది కాబట్టి, 12 వోల్టుల చిన్న యూపీఎస్‌ను బిగించిన రోజే ఇవ్వండి. చివరగా ఆ రోజు వచ్చిన పవర్ రీడింగును, అంటే ఇంటికి చేరిన కాంతి బలాన్ని, ఉదాహరణకు మైనస్ 20 డీబీఎం, తేదీతో సహా పెట్టె పక్కన చీటీ మీద రాసి అంటించండి. ఏడాది తరువాత ఫిర్యాదు వచ్చినప్పుడు పోల్చి చూడడానికి అదొక్కటే దొరుకుతుంది.