లాగ్‌లోంచి టైమ్‌స్టాంప్ ఒక్కటే తీయాలంటే

అపాచీ వెబ్ సర్వర్ తనకొచ్చిన రిక్వెస్టులను నమోదు చేసే యాక్సెస్ లాగ్‌లో సమయం చదరపు బ్రాకెట్ల మధ్య ఉంటుంది కాబట్టి పెద్ద రెగెక్స్ (ప్యాటర్న్ వెతికే సూత్రం) అక్కర్లేదు. కట్ (cut) కమాండ్‌కి డీలిమిటర్‌గా, అంటే ఫీల్డులను విడదీసే గుర్తుగా, '[' ఇచ్చి 2వ ఫీల్డ్ తీయండి, పైప్ చేసి మళ్లీ ']' ఇచ్చి 1వ ఫీల్డ్ తీయండి. ఆక్ (awk) కమాండ్‌లో $4, అంటే నాలుగో ఫీల్డ్, తీస్తే '[' అంటుకునే వస్తుంది, టైమ్‌జోన్ $5లో ఉండిపోతుంది.

నిమిషానికి ఎన్ని రిక్వెస్టులో తెలియాలంటే, వచ్చినదాంట్లో మొదటి 17 అక్షరాలు కత్తిరించి ఒకేలాంటి లైన్లను లెక్కపెట్టే యూనిక్ (uniq) కమాండ్‌కి మైనస్ సి (-c) ఇవ్వండి. ఒకే నిమిషం రెండుసార్లు కనబడితే కంగారుపడకండి. అపాచీ నమోదు చేసేది రిక్వెస్ట్ అందిన సమయం, లైన్ రాసేది మాత్రం అది పూర్తయ్యాక. అందుకే వరుస కాస్త అటూఇటూ అవుతుంది. యూనిక్ పక్కపక్క లైన్లనే కలుపుతుంది కనుక ముందు సార్ట్ (sort) పెట్టాలి. నెల దాటిన లాగ్‌కి మాత్రం మామూలు సార్ట్ పనికిరాదు, ఏప్రిల్ 1 వచ్చి మార్చి 1 కంటే ముందు కూర్చుంటుంది.

అసలు దెబ్బ తగిలేది సిస్టమ్ సందేశాలు నమోదయ్యే పాత తరహా సిస్‌లాగ్‌లో. అక్కడ 1 నుంచి 9 దాకా తేదీల ముందు రెండు ఖాళీలుంటాయి. ఖాళీని డీలిమిటర్‌గా పెట్టి 1 నుంచి 3 ఫీల్డులు తీస్తే 10వ తేదీ నుంచి అంతా సవ్యంగానే ఉంటుంది. 5వ తేదీ లైన్లలో మాత్రం రెండో ఫీల్డ్ ఖాళీ, మూడోది '5', గంటలూ నిమిషాలూ మాయం. ఎర్రర్ కూడా రాదు, అదే ప్రమాదం. కట్‌తోనే చేయాలంటే ఫీల్డులు వదిలేసి మొదటి 15 అక్షరాలు తీసుకోండి. లేదా ఆక్‌లో $1, $2, $3 వాడండి, ఎన్ని ఖాళీలున్నా అది ఒకటిగానే చూస్తుంది. ఈ ఫార్మాట్‌లో సంవత్సరం ఉండదు, డిసెంబరు, జనవరి లాగ్‌లు కలిపేముందు దాన్ని మీరే చేర్చాలి.