గడ్డం మీద మొటిమలు, గతి తప్పిన నెలసరి: పీసీఓఎస్‌కి మూడు నెలల ప్రయత్నం

దవడ వెంట, గడ్డం కింద లోతుగా, ముట్టుకుంటే సలిపే మొటిమలు వస్తున్నాయి. నెలసరి 35 రోజులు దాటిపోతోంది. ఈ రెండిటికీ విడివిడిగా మందు వెతక్కండి, రెండూ పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనే హార్మోన్ల తేడా) వల్లే కావచ్చు. పీసీఓఎస్‌లో చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక అవసరానికి మించి ఊరుతుంది. అది అండాశయాల చేత ఆండ్రోజెన్లు (మగ హార్మోన్లు, టెస్టోస్టెరాన్ వాటిలో ఒకటి) ఎక్కువ తయారు చేయిస్తుంది. టెస్టోస్టెరాన్‌ని పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ని కాలేయం తక్కువ తయారు చేసేలా కూడా చేస్తుంది. అలా విడిగా మిగిలిన టెస్టోస్టెరాన్ చర్మంలోని నూనె గ్రంథుల్ని రెచ్చగొడుతుంది. మెడ వెనక నల్లగా, మందంగా మారిందంటే ఇన్సులిన్ తేడా ఉందనడానికి అదొక గుర్తు. రుద్దితే పోదు, రుద్దకండి.

ముందు ఒకటి తేల్చుకోండి. బెంగళూరులో రోజూ స్కూటీ మీద వైట్‌ఫీల్డ్ దాకా వెళ్లొచ్చేవాళ్లకి హెల్మెట్ పట్టీ ఒరుసుకునే గీత మీదే మొటిమలు వస్తాయి. పట్టీ, లోపలి మెత్త వారానికోసారి ఉతికి, గడ్డం దగ్గర పల్చటి నూలు గుడ్డ కట్టుకుంటే అవి తగ్గుముఖం పడతాయి. నుదుటి మీద సన్నటి గింజల్లా వస్తుంటే తలనూనెని అనుమానించండి.

స్కాన్ రిపోర్టులో ‘పీసీఓడీ’ (పీసీఓఎస్‌కి వాడుకలో ఉన్న మరో పేరు) అని రాసినంత మాత్రాన జబ్బు ఖాయమైపోదు. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన నియమం ప్రకారం మూడింటిలో రెండు ఉండాలి: నెలసరి గతి తప్పడం, ఆండ్రోజెన్లు ఎక్కువని ఒంటి మీదో రక్తంలోనో తెలియడం, స్కాన్‌లో ఎక్కువ ఫాలికల్స్ (అండం పెరిగే చిన్న సంచులు) కనిపించడం. రజస్వల అయిన 8 ఏళ్ల లోపు స్కాన్‌ని లెక్కలోకి తీసుకోరు. థైరాయిడ్, ప్రొలాక్టిన్, 17-ఓహెచ్‌పీ అనే హార్మోన్ల పరీక్షలతో ఇలాంటి లక్షణాలే చూపించే వేరే జబ్బులు లేవని తేల్చుకోవాలి. షుగర్‌కి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూసే పరీక్ష అడగండి. పరగడుపు షుగర్ ఒక్కటే చూస్తే తేడా దొరక్కపోవచ్చు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపండి, డాక్టరుకీ చెప్పండి. అవి హార్మోన్ పరీక్షల అంకెల్ని తారుమారు చేస్తాయి. చాలాచోట్ల ఈ మాట ఎవరూ అడగరు.

ఇక కంచం సంగతి. పీజీ హాస్టల్లో పొద్దున చిత్రాన్నం, మధ్యాహ్నం అన్నం సాంబారు, రాత్రి అన్నం రసం. ఇందులో లోటల్లా ప్రొటీన్, కూరలే. అన్నం మానేయాల్సిన పని లేదు, ఒక గిన్నెడుకి తగ్గించి, ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకోండి. ఇలా వరుస మార్చినా చాలు, తిన్నాక షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. గదిలో కెటిల్ ఉంటే రెండు గుడ్లు ఉడుకుతాయి, 12 గ్రాముల ప్రొటీన్. శాకాహారులు గుప్పెడు పెసలు రాత్రి నానబెట్టి మొలక కట్టుకోవచ్చు. చలికాలంలో బెంగళూరు బళ్ల మీద గుట్టలుగా పోసే అవరెకాయి మన అనపకాయలే (చిక్కుడు జాతివి, సొరకాయ కాదు), వదలకండి. రాగి మంచిదని పొద్దున్నే బెల్లం వేసిన రాగి జావ తాగేవాళ్లు చాలామంది. మెత్తటి పిండి, పల్చటి జావ, పైగా బెల్లం: షుగర్ చకచకా ఎక్కుతుంది. దానికన్నా ఆకుకూర పప్పుతో సంగటి ముద్ద మేలు. జిమ్‌లో వే ప్రొటీన్ (పాల విరుగుడు నుంచి తీసిన పొడి) మొదలుపెట్టాకే మొటిమలు ముదిరాయనిపిస్తే ఆరు వారాలు ఆపి చూడండి.

తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి. వారం మొత్తానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు గుంజీలు, గోడకి ఆనుకుని పుషప్స్. బరువు ఎక్కువున్నవాళ్లకి 5 శాతం తగ్గినా, అంటే 70 కిలోలకి మూడున్నర కిలోలు, నెలసరి దారిలో పడొచ్చు. సన్నగా ఉన్నవాళ్లకీ ఈ కండరాల కసరత్తు అవసరమే. ఇన్సులిన్‌ని అందుకుని రక్తంలోని షుగర్‌ని ఎక్కువగా వాడుకునేది కండరమే.

ముఖానికి: బోరు నీళ్లకి సబ్బు నురగ రాక, తెట్టు చర్మం మీద మిగిలి పొడిబారుస్తుంది. సబ్బు లేని మృదువైన క్లెన్సర్ రోజుకు రెండుసార్లు చాలు. రాత్రి ముఖం పూర్తిగా ఆరాక, 0.1 శాతం అడాపలీన్ అనే మొటిమల జెల్ బఠానీ గింజంత తీసుకుని, మొటిమ మీద చుక్కలా కాకుండా ముఖమంతా పల్చగా పరచండి. కళ్లు, పెదవుల మూలలు వదిలేయాలి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, పైన మాయిశ్చరైజర్. మంట, పొట్టు వస్తే మానేయకుండా మూడు రోజులకోసారికి తగ్గించండి. మొదట్లో మొటిమలు కాస్త పెరిగినట్టుంటుంది, ఫలితం 8 నుంచి 12 వారాలకి. చాలామంది నాలుగో వారంలో విసిగి ఆపేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. గర్భం కోసం ప్రయత్నిస్తుంటే అడాపలీన్ వద్దు, అజెలాయిక్ యాసిడ్ అడగండి, నల్ల మచ్చలకీ పనికొస్తుంది. పగలు సన్‌స్క్రీన్ తప్పదు.

మందుల షాపులో చేతికిచ్చే తెల్లబడే క్రీము ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఉంటే ముఖానికి రాయకండి. అవి స్టెరాయిడ్లు. వారంలో నిగారింపు వస్తుంది, తర్వాత ముఖం ఎర్రబడి, చర్మం పలచబడి, మొటిమలు రెట్టింపవుతాయి. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే కాలి మచ్చ పడుతుంది. పుదీనా టీ తాగితే నష్టం లేదు, కానీ మందుకి బదులు కాదు.

డాక్టరు మెట్‌ఫార్మిన్ (ఇన్సులిన్ బాగా పనిచేయడానికి ఇచ్చే మాత్ర) రాసిస్తే, భోజనంతో, తక్కువ మోతాదుతో మొదలుపెడితే కడుపు తిప్పడం తగ్గుతుంది. ఏళ్ల తరబడి వాడితే బీ12 చూపించుకోవాలి, శాకాహారులు మరీ. ఆండ్రోజెన్లని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ వాడుతుండగా గర్భం రాకూడదు. నెలసరి సరిగా రావట్లేదు కాబట్టి గర్భం రాదనుకోవడం పొరపాటు. 90 రోజులైనా నెలసరి రాకపోతే ఆగకండి, గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. గొంతు బొంగురుపోయినా, కొన్ని నెలల్లోనే గడ్డం, మీసం గట్టిగా మొలిచినా అది మామూలు పీసీఓఎస్ కాకపోవచ్చు, అదే వారంలో ఎండోక్రినాలజిస్ట్‌ని (హార్మోన్ల డాక్టరుని) కలవండి. మొటిమలు మాయమైనా షుగర్ పరీక్ష ఒకటి నుంచి మూడేళ్లకోసారి చేయించుకుంటూనే ఉండాలి.