ఉమ్మడి కూరగాయల తోట: గట్టు దాటేవాటి సంగతి ముందు

ఉమ్మడి తోటలో ఎవరి మడి వారిదే. కానీ నీరు, నీడ, తుంగ, పండు ఈగ, నత్త గట్టు దగ్గర ఆగవు. శ్రీకాకుళం, విజయనగరం వైపు కాలనీ ఖాళీ స్థలంలోనో, ఊరి చివర కౌలుకు తీసుకున్న చెక్కలోనో నలుగురూ కలిసి తోట వేసుకోవాలనుకుంటే, విత్తనాల కన్నా ముందు ఈ ఐదింటి సంగతి తేల్చుకోండి. తోటలు పాడయ్యేది ఎక్కువగా వీటి దగ్గరే.

స్థలం పంచడం

ఇంగ్లండులో ఇలాంటి మళ్లను అలాట్‌మెంట్లు అంటారు. అక్కడ ఆనవాయితీగా ఒక్కో మడి 250 చదరపు మీటర్లు, మన లెక్కన ఆరు సెంట్ల పైమాటే. ఆ కొలత మనకు వద్దు. వానలు పడ్డాక ఇక్కడ గడ్డి లేచే వేగానికి, ఉద్యోగం చేసుకునే మనిషి ఆరు సెంట్లు కలుపు తీయలేడు. కుటుంబానికి 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు మడి చాలు. 20 సెంట్ల స్థలం అంటే సుమారు 8,700 చదరపు అడుగులు. అందులో 20 మళ్లకు 4,000 పోతే, మిగతాది దారులకు, నీటి ట్యాంకుకు, ఎరువు గుంతలకు, నారుమడికి, పందిరికి సరిపోతుంది. నడిమి దారి 4 అడుగులు ఉంచండి, గెత్తం (పశువుల ఎరువు) బండి తిరగాలి. మడికీ మడికీ మధ్య 2 అడుగులు.

మళ్లు చీటీలు వేసి పంచండి. ఏటా మనుషుల్ని మార్చొద్దు. వచ్చే ఏడు ఇంకొకరికి పోయే మట్టికి ఎవరూ గెత్తం మొయ్యరు. మూడు వారాలు కలుపు తీయని మడికి ఒకసారి చెప్పి, మరో రెండు వారాలు చూసి, వరసలో ఉన్నవారికి ఇచ్చేయాలి. ఈ మాట మొదటి రోజే రాసుకుని అందరూ సంతకం పెట్టండి. తర్వాత చెబితే తగువే.

మట్టి

ఇక్కడ ఎక్కువ చోట్ల ఎర్ర గరప నేలలు, తీరం వైపు ఇసుక నేలలు. రెండింట్లోనూ సేంద్రియం తక్కువ, నీరు నిలవదు. తొలకరికి మడికి 100 గ్రాముల జనుము గాని జీలుగ గాని చల్లి, పూత మొదలయ్యే వేళకు, అంటే సుమారు 45 రోజులకు, కోసి మట్టిలో కలిపేయండి. ఆ తర్వాత బాగా చివికిన గెత్తం మడికి 50 కిలోలు, వేపపిండి 2 కిలోలు. పచ్చి గెత్తం వేస్తే వేరుపురుగూ చెదలూ వస్తాయి, గడ్డి గింజలు కూడా దాంతోనే వచ్చిపడతాయి. భూసార పరీక్షకు మట్టి తీసేటప్పుడు పది చోట్ల ‘వి’ ఆకారంలో ఆరంగుళాల లోతు తవ్వి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకి తెచ్చి ఇవ్వండి. ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, సలహాకు వెళ్లొచ్చు.

నీటి వంతు

ఎండాకాలంలో 200 చదరపు అడుగుల మడికి రోజుకు సుమారు 100 లీటర్లు కావాలి. ఇరవై మళ్లకు 2,000 లీటర్ల ట్యాంకు. నాలుగు కుళాయిలు పెట్టండి, ఒక్కో కుళాయికి ఐదు మళ్లు.

వంతును నిమిషాల్లో పెట్టుకోవాలి, అదీ కొలిచాకే. నాలుగు కుళాయిలూ ఒకేసారి తిప్పి, అన్నిటికన్నా దూరంగా ఉన్న కుళాయి కింద 10 లీటర్ల బకెట్ పెట్టండి. అర నిమిషంలో నిండితే ఐదు నిమిషాలకు 100 లీటర్లు. అదే వంతు. ఒక్క కుళాయి తిప్పి కొలిస్తే ధార ఎక్కువ కనబడుతుంది, తీరా అందరూ పట్టే వేళకు చివరి మళ్లకు నీరందదు. ట్యాంకు దగ్గరి మడివాళ్లకు ఈ బాధ తెలియదు గనక, కొలిచేటప్పుడు వాళ్లను కూడా దగ్గర నిలబెట్టండి. పాదుల చుట్టూ మూడంగుళాల మందాన ఎండుగడ్డి పరిస్తే రోజు విడిచి రోజు కట్టినా చాలు.

బోరు బిల్లుకు, పైపుల మరమ్మతుకు నెలనెలా అందరూ సమానంగా వేసుకోండి. లెక్క ట్యాంకు పక్కన బోర్డు మీద రాయండి.

తుంగ, ఎరువు గుంత

తుంగను పైపైన కోస్తే కింద గడ్డ మళ్లీ మొలుస్తుంది. గడ్డలు భూమిలో గొలుసులా ఉంటాయి, పారతో తెగితే ఒక్కో గడ్డా ఒక్కో మొక్క. రోహిణి ఎండల్లో అందరూ ఒకే వారం అడుగు లోతు తిరగేసి, గడ్డలు ఏరి, గచ్చు మీద ఎండబెట్టాలి. ఒక్క మడి వదిలేసినా వానాకాలానికి చుట్టూ పాకుతుంది. తుంగ గడ్డలూ, తెగులు పట్టిన మొక్కలూ ఎరువు గుంతలో వేయనివ్వొద్దు.

గుంత 4 అడుగుల చదరం, 3 అడుగుల లోతు. మూడు పాళ్లు ఎండాకు, ఒక పాలు పచ్చి చెత్త, పైన గెత్తం కలిపిన నీళ్లు. ఇరవై రోజులకోసారి తిరగెయ్యాలి, మూడు నెలలకు తయారవుతుంది. కంపు కొడితే తడి ఎక్కువైందని అర్థం, ఎండాకు కలపండి. తయారవకముందే చెయ్యి పెడితే వేడి తగలకపోతే ఎండిపోయి ఉండొచ్చు, పొడిగా ఉంటే నీళ్లు చిలకరించండి.

పందిరి

ఏడాదిలో ఎక్కువ నెలలు మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుంది. ఎవరి మడిలో వాళ్లు పందిరి వేస్తే ఉత్తరపు మడివాళ్ల వంగమొక్కలు నీడలో పడతాయి. అందుకే ఆనప (సొర), బీర, పొట్ల, కాకర పాదులకు స్థలం ఉత్తరపు హద్దు పొడవునా ఉమ్మడి పందిరి కిందే ఇవ్వండి. 8 అడుగుల సరుగుడు కర్రలు, 2 అడుగులు భూమిలోకి, 6 అడుగులు పైకి. కర్రకూ కర్రకూ 8 అడుగులు. పాతే కొసకు తారు పూయండి, చెద పట్టదు. మూల కర్రల్ని బయటికి వాల్చి, నేలలో దిగ్గొట్టిన మేకులకు ఇనుప తీగతో లాగి కట్టాలి.

ఈ తీగ ఖర్చు దగ్గర వెనకాడొద్దు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. జూన్‌లో వేసిన పాదులతో పందిరి నిండుగా ఉండే రోజులు కూడా అవే. తుఫాను కబురు వస్తే కాయలన్నీ కోసేసి, ఇనుప తీగలు బిగించి, నీడ వల ఉంటే ముందు దాన్ని విప్పండి. గాలికి అది తెరచాపలా పనిచేసి కర్రల్నే పీకేస్తుంది.

పిందె ఎందుకు రాలింది

ఆనప పిందె రాలితే కోసి చూడండి. కొస నుంచి పసుపుబారి, వడిలి, ఎక్కడా రంధ్రం లేకపోతే పరాగం అందలేదు. ఆనప పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. అప్పుడు మగపువ్వును కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా రాయండి. ఆడపువ్వుకు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే. పిందె మీద సూదితో పొడిచినట్టు మచ్చ ఉండి, జిగురు కారి, లోపల తెల్ల పురుగులు ఉంటే అది పండు ఈగ. క్యూలూర్ (ఈగల్ని లాగే వాసన మందు) ఎరబుట్టలు తోట మొత్తానికి మూడు కట్టండి. వాటిలో పడేది మగ ఈగలే. గుడ్లు పెట్టేది ఆడ ఈగ కదా, అందుకే రాలిన కాయలన్నీ రోజూ ఏరి రెండడుగుల లోతున పూడ్చాలి. ఒక్కరి మడిలో కుళ్లే కాయ ఇరవై మళ్లకూ ఈగల్ని పంపుతుంది.

బెండలో ఆకు ఈనెలు పసుపు తేలితే మందు లేదు. పీకి కాల్చేయండి, తెల్లదోమ దాన్ని పక్క మడికి మోస్తుంది. వంగలో కొమ్మ కొస వాలితే పురుగు లోపల ఉన్నట్టే, వాలిన చోటికి అంగుళం కింద తుంచేయండి. వేపగింజల కషాయానికి 10 లీటర్లకు అరకిలో పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మూటను గట్టిగా పిండేసి, 10 గ్రాముల సబ్బు కలిపి సాయంత్రం కొట్టాలి. ఎండకు దాని చేదు గుణం పోతుంది.

నత్తలకు మళ్ల మధ్య తడి గోనె పరిచి, కింద బొప్పాయి ఆకులు పెట్టండి. తెల్లవారేసరికి అక్కడ చేరతాయి. చేతికి తొడుగు వేసుకుని ఏరండి. ఉప్పు చల్లొద్దు, మట్టి పాడవుతుంది.

ఏది ఎప్పుడు

మృగశిర వానలకు బెండ, గోంగూర, బరబాటి (అలసంద), పాదులు. చిక్కుడు జులైలో. పొద్దు తగ్గితేనే అది పూస్తుంది, ముందే వేసినా ఆకే పెరుగుతుంది. టమాటా నారు సెప్టెంబరు రెండో సగంలో ట్రేల్లో పోసి, అక్టోబరు చివర నాటండి. తుఫాను వస్తే ట్రేలు గదిలోకి తీసుకెళ్లొచ్చు.

తోటకూర విత్తనం మరీ సన్నం. 50 చదరపు అడుగులకు రెండు గ్రాములు, అరకిలో పొడి ఇసుకలో కలిపి చల్లి, చీపురుతో పైపైన ఊడ్చి, పలచగా గడ్డి కప్పండి. రోజ్ డబ్బాతోనే (మూతికి సన్న రంధ్రాలుండే డబ్బా) నీళ్లు. మూడో రోజో నాలుగో రోజో తెల్లగా మొలక కనబడగానే ఆ సాయంత్రమే గడ్డి తీసేయాలి. ఒక రోజు ఆలస్యమైనా కాడలు సాగి పడిపోతాయి.

తుఫాను వెళ్లాక మొదటి పని కాలువలు తీసి నిలిచిన నీటిని ఆ రోజే పంపడం. తడి మళ్లలో దిగి తొక్కొద్దు, నేల బిగిసిపోతుంది. ఆరాక వేర్లకు మట్టి ఎగదొయ్యండి. ఖాళీ అయిన మళ్లలో ముల్లంగి, పాలకూర, కొత్తిమీర వేయొచ్చు. ధనియాలను చెప్పుతో నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానబెట్టి వేయండి.