ముగ్గు పోసి చూడండి: గదిని బిందువు, రేఖ, తలం, ఘనంగా ఎలా కుదుర్చుకోవాలి?

వాకిట్లో చుక్కల ముగ్గు వేసేవాళ్లకు ఇంటి రూపం ఎలా పుడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. చుక్కలు కలిస్తే గీత, గీతలు చుట్టుకుంటే తలం, తలాలు నిలబడితే గది. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా కొత్త ఇంటికి పునాది తీసేముందు గోడలు ఎక్కడ వస్తాయో తెలిసేలా జాగాలో ముగ్గు పోస్తారు. తప్పులు దిద్దుకోవడానికి అంతకంటే చవకైన సమయం మళ్లీ దొరకదు. ఇక్కడ లోపల 12 × 15 అడుగులు ఉండే హాలును ఉదాహరణగా తీసుకుందాం.

ముందు మూలలు

గది నాలుగు మూలలే మొదటి నాలుగు బిందువులు. మేకులు కొట్టి దారం కట్టండి. ఒక మూల నుంచి ఒక వైపు 9 అడుగులు, రెండో వైపు 12 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టండి. సరిగ్గా 15 అడుగులు వస్తే మూల మట్టంగా, అంటే లంబకోణంలో ఉన్నట్టు. తర్వాత ఎదురెదురు మూలలు కొలవండి. రెండూ 19 అడుగుల 2½ అంగుళాలు రావాలి. ఒకటి పొడుగై ఇంకొకటి పొట్టైతే గది వంకర పోయినట్టే. అది ఇప్పుడు కనపడదు. టైల్స్ వేసిన రోజున గోడ పక్క వరుస ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా కోయాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది.

ఎక్కువ తగాదాలు కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి అన్న దగ్గరే వస్తాయి. ప్లానులో 12 అడుగులని రాసి, మేస్త్రీ దాన్ని గోడ మధ్య నుంచి గోడ మధ్యకు పట్టుకుంటే, 9 అంగుళాల గోడలు రెండు వైపులా కలిపి 9 అంగుళాలు తింటాయి, ప్లాస్టరు ఇంకో అంగుళం తింటుంది. చేతికి వచ్చేది 11 అడుగుల 2 అంగుళాలే. లోపల 12 కావాలంటే మధ్య నుంచి మధ్యకు 12 అడుగుల 10 అంగుళాలు పెట్టించండి.

ఎలక్ట్రీషియన్ కూడా 'పాయింట్' అనే అంటాడు, అదీ బిందువే. పడకగదిలో ఒక గోడకు 2 అడుగుల లోతు బీరువాలు వస్తాయనుకుంటే, ఫ్యాను పాయింటును గోడల మధ్యకు కాకుండా బీరువా తలుపుల నుంచి ఎదుటి గోడకు కొలిచి మధ్యలో పెట్టాలి. అంటే ఒక అడుగు జరుగుతుంది. స్లాబు పోసేలోపే చెప్పాలి. స్విచ్చు బోర్డు తలుపు రెక్క వెనకకు పోకుండా, దర్వాజ ఎటు తెరుచుకుంటుందో ముగ్గులోనే అర్ధచంద్రంలా గీసి పెట్టుకోండి.

గీతలు

అడ్డగీత గదికి నెమ్మదినిస్తుంది. దర్వాజ, కిటికీ, అల్మారా పైఅంచులు 7 అడుగుల దగ్గర ఒకే వరుసలో కలిస్తే చిన్న గది కూడా కుదురుగా కనపడుతుంది. ఒకటి 6½, ఇంకొకటి 7 అయితే ఎంత ఖర్చు పెట్టినా గోడ చిందరవందరగానే ఉంటుంది. ఈ మట్టాన్ని నీళ్ల పైపుతో చూసుకోవాలి, పైపులో గాలి బుడగ మిగిలితే మట్టం తప్పు చూపిస్తుంది. నిలువుకు తూకపు గుండు చాలు.

వాలుగీత అంటే మెట్లు. కింది నేల నుంచి పై నేలకు 10 అడుగుల 6 అంగుళాలుంటే 18 ఎత్తులు, ఒక్కోటి 7 అంగుళాలు, కాలు మోపే చోటు 10 అంగుళాలు. ఈ లెక్కను బండలు పరిచి పూర్తి చేసిన నేలల మధ్య వేయాలి. బండలు వేయని పచ్చి నేల నుంచి 7 చొప్పున పోసేసి, తర్వాత కింద బండలూ బెడ్డూ కలిపి 3 అంగుళాలు, మెట్లకు గ్రానైటు ఒక అంగుళం వేస్తే మొదటి మెట్టు 5 అంగుళాలకు పడిపోతుంది. మన కాలు మొదటి మెట్టుతోనే ఎత్తును గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి రెండో మెట్టు దగ్గరే తట్టుకుంటాం.

తలాలు

నేల, గోడలు, కప్పు. 180 చదరపు అడుగుల హాలుకు రెండడుగుల పలకలు 45 పడతాయి, కోతకూ పగుళ్లకూ కలిపి 50 తెచ్చుకోండి. 12 అడుగుల వైపు ఆరు నిండుగా వస్తాయి, 15 వైపు ఏడున్నర. ఆ సగం ముక్క దర్వాజ దగ్గర కాకుండా సోఫా కిందికి పోయేలా దర్వాజ నుంచి మొదలుపెట్టించండి. తాండూరు బండలకూ ఇదే లెక్క.

రంగు ఒక్క గోడకే వేయడం మేలు. మూడు గోడలకు మూడు రంగులేస్తే మూలలే కళ్లలో పడతాయి, గది చిన్నదవుతుంది. గోడకు ఆనించి లైటు పట్టీ పెట్టేముందు ప్లాస్టరు చూసుకోండి, పక్క నుంచి పడే వెలుతురు ప్రతి ఎత్తుపల్లాన్నీ చూపిస్తుంది. ఫాల్స్ సీలింగు 10 అడుగుల గదిలో అడుగుకు మించి దించొద్దు. ఫ్యాను రెక్కలకు పైన దాదాపు అడుగు ఖాళీ లేకపోతే గాలి సరిగా లాగదు.

ఘనం, అంటే ఖాళీ

కట్టేది గోడలనే అయినా బతికేది వాటి మధ్య ఖాళీలో. పాత భవంతి ఇళ్లలో నడుమ ఆకాశానికి తెరిచిన చోటే చుట్టూ ఉన్న అర్రలన్నిటికీ వెలుతురు పంచేది. నల్లగొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లు ఒకే మండపం చుట్టూ కూర్చున్నాయి. ఒక గర్భగుడిలో పగలంతా నిలిచి ఉండే నీడకు కూడా స్తంభాలూ వాటి మధ్య సందులూ కావాలి. మహబూబ్‌నగర్‌లోని పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రిని చూస్తే ఇంకొకటి తెలుస్తుంది: పైన కొమ్మల కప్పు, ఊడల స్తంభాలు ఉంటే గోడ లేకుండానే గది ఏర్పడుతుంది. హాలుకూ వంటింటికీ మధ్య గోడ తీసేద్దామనుకునేవాళ్లు దాన్ని ఒకసారి చూసి రావచ్చు.

మీ ఖాళీని ఇలా కొలవండి. సోఫా, దివాన్, టీపాయ్ కొలతలకు పాత పేపర్లు అతికించి ముగ్గులో పరచండి. మూడు సీట్ల సోఫాకు సుమారు 7 × 3 అడుగులు, సోఫాకూ టీపాయ్‌కూ మధ్య ఒకటిన్నర అడుగు, దర్వాజ నుంచి లోపలి అర్రకు నడిచే దారి 3 అడుగులు. ఇద్దరు ఎదురెదురుగా ఆ దారిలో నడిచి చూడండి. భుజాలు తాకితే ముగ్గు చెరిపి మళ్లీ పోయండి.