అమీన్ల క్షారబలం: బట్టీ పట్టకుండా వరుస రాయడం ఎలా

సముద్రపు చేపలు కడిగాక చేతికి పట్టిన నీచు వాసన సబ్బుకి లొంగదు గానీ నిమ్మచెక్క రుద్దితే చాలావరకు పోతుంది. ఆ వాసనకి ముఖ్య కారణం ట్రైమిథైల్ అమీన్. అది క్షారం, నిమ్మరసంలో ఉన్నది సిట్రిక్ ఆమ్లం, రెండూ కలిస్తే లవణం అవుతుంది, లవణం ఆవిరై ముక్కుదాకా రాదు, నీళ్లకి కొట్టుకుపోతుంది. చేపల పులుసులో చింతపండు చేసే పనుల్లో ఇదీ ఒకటి.

అమీన్ అంటే అమ్మోనియాలో హైడ్రోజన్ బదులు కార్బన్ గుంపు చేరిన పదార్థం. అందులో నైట్రోజన్ దగ్గర ఒక ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఉంటుంది, దాన్ని ప్రోటాన్‌కి ఇస్తుంది కాబట్టే క్షారం. వరుస రాయమంటే ముందు ఆ జంట ఖాళీగా ఉందా, ఇంకెక్కడైనా ఇరుక్కుందా చూడండి. అనిలీన్‌లో దాన్ని బెంజీన్ వలయం తనవైపు లాక్కుంటుంది, అందుకే దాని పీకేబీ (క్షారబలాన్ని చెప్పే అంకె) 9.38, అమ్మోనియాది 4.75. పీకేబీ ఎంత తక్కువైతే క్షారం అంత బలం, చాలామంది ఇక్కడే తిరగేసి రాస్తారు. బెంజైల్ అమీన్‌ని చూసి మోసపోకండి, వలయానికీ నైట్రోజన్‌కీ మధ్య ఒక కార్బన్ అడ్డం ఉంది, జంట ఖాళీయే, పీకేబీ 4.70.

ఇక ఆల్కైల్ అమీన్లు. నైట్రోజన్‌కి మిథైల్, ఇథైల్ లాంటి కార్బన్ గుంపు ఒకటుంటే ప్రైమరీ, రెండుంటే సెకండరీ, మూడుంటే టెర్షరీ. ఈ గుంపులు ఎలక్ట్రాన్లని నైట్రోజన్ వైపు నెడతాయి, కాబట్టి వాయుస్థితిలో టెర్షరీదే పైచేయి, తర్వాత సెకండరీ, ప్రైమరీ, చివర అమ్మోనియా. నీళ్లలో మాత్రం లెక్క మారుతుంది. ప్రోటాన్ తీసుకున్న అయాన్‌ని నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో పట్టి నిలబెట్టాలి, టెర్షరీలో అలా పట్టుకోడానికి ఒక్క హైడ్రోజనే దొరుకుతుంది, పైగా చుట్టూ గుంపులు అడ్డం. అందుకే మిథైల్ అయితే సెకండరీ (3.27), ప్రైమరీ (3.38), టెర్షరీ (4.22), ఇథైల్ అయితే సెకండరీ (3.00), టెర్షరీ (3.25), ప్రైమరీ (3.29). నేను ఇంటర్‌లో ప్రశ్నలో 'జలద్రావణంలో' అన్న మాట చదవకుండా మార్కులు పోగొట్టుకున్నాను, మీరు ముందు ఆ మాట కిందే గీత గీయండి.

అమీన్ క్షారమని నమ్మకం కుదరకపోతే ల్యాబ్‌లో, సార్ ఉన్నప్పుడు, గ్లోవ్స్ వేసుకుని చూడండి (అనిలీన్ విషం, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది). టెస్ట్ ట్యూబులో నీళ్లు పోసి నాలుగు చుక్కల అనిలీన్ వేస్తే సరిగా కలవక నూనెలా విడిగా ఉంటుంది. డైల్యూట్ హెచ్‌సీఎల్ (పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం) పోసి కుదిపితే లవణమై కరిగిపోతుంది, సరిపడా సోడియం హైడ్రాక్సైడ్ పోయండి, ఆ నూనె చుక్కలు మళ్లీ కనిపిస్తాయి.